జంట ఊపిరి

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ ఆఫీసులో దాన్నెవరూ వాడరు. అందరికీ ఆవిడ ఆధారమ్మ. పాత రికార్డులను శుభ్రం చేసి మళ్ళీ విడుదల చేసే సంస్థ అది. ప్రతి రికార్డుతో పాటు ఒక చిన్న పుస్తకం అచ్చవుతుంది. పాట ఎవరు కట్టారు, ఎప్పుడు పాడారు, ఎక్కడ, ఎవరెవరు అన్న సంగతులన్నీ అందులో ఉంటాయి. వాటిలో ప్రతి ముక్కా నిజమో కాదో తేల్చడం ఆవిడ పని. ఎవరేం చెప్పినా ఆవిడ నోటి నుంచి వచ్చే మొదటి మాట "ఆధారం ఏదీ?" అనే. పెళ్ళి కుదిరిందని శుభవార్త చెప్పిన పిల్లని కూడా ఆధారం అడిగిందని చెప్పుకుని నవ్వుకుంటారు. నిజంగానే అడిగింది. ఆ పెళ్ళి తరవాత తప్పిపోయింది, అది వేరే సంగతి.

అలాంటి మనిషి బల్ల మీదికి ఒక ఫ్రెంచి రిక్వియమ్ వచ్చి పడింది. చనిపోయినవాళ్ళ ఆత్మశాంతి కోసం చర్చిలో బృందమంతా కలిసి పాడే పెద్ద ప్రార్థన అది. పుస్తకానికి వ్యాసం రాసినాయన మహా రసికుడు. ఆ స్వరకర్త తన భార్య సమాధి పక్కన, వెన్నెల్లో, కన్నీళ్ళు కారుస్తూ ఈ సంగీతం రాశాడని రెండు పేజీల నిండా కరుణరసం పోశాడు. ఆధారమ్మ తవ్వి చూసేసరికి ఆ ఇల్లాలు అప్పటికి నిక్షేపంగా బతికే ఉంది. అంతేనా, ఆ ప్రార్థన మొదటిసారి పాడిన రోజున ముందు వరసలో నిలబడి గొంతెత్తి పాడింది కూడా.

వ్యాసకర్త ఫోన్లో లబోదిబోమన్నాడు. "ఆవిడ బతికుంటే నా కథ చచ్చిపోతుందండీ!"

"కథ పోతే పోయింది లెండి. ఆవిణ్ణి మటుకు బతకనివ్వండి," అని ఆధారమ్మ నవ్వుతూ ఫోను పెట్టేసింది.

ఆ నవ్వు మొహం మీద ఉండగానే పేజీ తిప్పింది. తరవాతి పేజీ ఈ రికార్డు గురించి. ఇది ఎక్కడో ఫ్రెంచి వాళ్ళు పాడింది కాదు, ఇదే ఊరి చర్చి బృందం పాడింది. ఒక వానాకాలం మొదట్లో ఆ బృందం పొరుగూరికి పాడడానికి వెళుతుంటే బస్సు లోయలో పడి సగం మంది పోయారు. మిగిలిన సగం మంది ఆ చలికాలంలో అదే చర్చిలో నిలబడి, పోయిన తోటివాళ్ళ కోసం ఈ ప్రార్థన పాడారు. అదీ కథ. కింద పాడినవాళ్ళ పేర్లు ఉన్నాయి. వాటి కింద ఒక నల్లగీత. ఆ గీత కింద 'వీరి స్మృతికి అంకితం' అని, పోయినవాళ్ళ పేర్లు. అందులో నాలుగోది ఆధారమ్మ తల్లి పేరు.

తల్లి పోయేనాటికి ఆవిడకి మూడేళ్ళు. అమ్మ అనగానే గుర్తుకొచ్చేది ఒక నీలం చెప్పు పట్టీ, అంతే. ఫొటోలు ఉన్నాయి గానీ ఫొటోలు మాట్లాడవు కదా. తల్లి గొంతు ఎలా ఉండేదో ఆవిడకి తెలీదు. టేపు చేసి పెట్టుకోవాలని ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు, తోచినా ఇంట్లో టేపు మిషను లేదు. ఊళ్ళో వాళ్ళ గొంతులన్నిటికీ ఆధారాలు వెతికిపెట్టే మనిషికి కన్నతల్లి గొంతుకి మాత్రం ఆధారం లేకుండా పోయింది. ఆ లోటు ఆవిడ ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకుంటే తీరేది కాదు.

తండ్రి ఉన్నాడు. జీవితమంతా లేతు మిషను ముందు నిలబడి ఇనుము చెక్కీ చెక్కీ చెవులు అరగదీసుకున్నాడు. ఎడమ చెవి ఎప్పుడో పోయింది. కుడి చెవి కూడా రోజు రోజుకీ తలుపు మూసుకుంటోందని డాక్టరు చెప్పాడు. మనిషి మాత్రం పులి. ఆ రికార్డు విడుదలైన రోజు బృందాన్ని నడిపించే మాస్టారు ఒక కాపీ స్వయంగా తీసుకొచ్చి గుమ్మంలో నిలబడితే, "బతికినవాళ్ళ పాట నాకెందుకు? మా మనిషి లేని పాట నా గడప తొక్కడానికి వీల్లేదు," అని మొహం మీదే తలుపేశాడు. అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆ రికార్డు మాట ఎత్తినవాళ్ళు లేరు. రేడియోలో ఎప్పుడైనా వస్తే ఆధారమ్మ తానే గబగబా వెళ్ళి కట్టేసేది.

ఆయనకి ఒక వింత అలవాటు ఉండేది. గిన్నెలు తోముతున్నప్పుడో, గడ్డం గీసుకుంటున్నప్పుడో ఒకే స్వరం మీద, అదీ అపస్వరం మీద, 'మ్‌మ్‌మ్' అని లాగేవాడు. కాసేపు లాగి ఠక్కున ఆపేసేవాడు. తోచినప్పుడు మళ్ళీ. "అదేం పాట నాన్నా?" అని చిన్నప్పుడు అడిగితే, "పాటా పాడా, మిషను రొద చెవుల్లో ఉండిపోయింది," అనేవాడు. కాబోలు అనుకుంది.

చిన్నప్పుడే ఇంకొకటి కూడా జరిగింది. ఆ రికార్డులో దయ్యాలు పాడతాయని బడిలో పిల్లలు చెప్పుకునేవాళ్ళు. "మీ అమ్మ కూడా పాడుతుందట, చివర్లో వినిపిస్తుందట," అని ఒకత్తి ఆవిడ చెవిలో ఊదింది. ఏడుస్తూ ఇంటికొస్తే తండ్రి ఎదురుగా కూర్చోబెట్టుకుని, "ఎవరు చూశారు? ఎవరు విన్నారు? ఆధారం ఏదని అడుగు. ఆధారం లేని మాటకి ఏడవకు," అన్నాడు. ఆ మాట ఆవిడకి ఒంట్లో పాతుకుపోయింది. కూడు పెట్టింది, పేరు పెట్టింది, ఆఖరికి పెళ్ళి కూడా కానివ్వలేదు. 'వచ్చినవాళ్ళెవరూ ఆధారం చూపించలేకపోయారు' అని ఆవిడే జోకు వేసుకుంటుంది.

ఈ పని నావల్ల కాదు, ఇంకెవరికైనా ఇవ్వండి అని ఆవిడ అనొచ్చు. అనలేదు. తండ్రికి చెప్పలేదు కూడా. కాగితాలు చంకన పెట్టుకుని చెవులాయన గదికి వెళ్ళింది.

చెవులాయన అంటే సంస్థలో పాత టేపులు బాగుచేసే ఆయన. రిటైరవడానికి దగ్గరపడ్డాడు. గోడలకి దళసరి తెరలు, కిటికీ లేని గది, టేపు చుట్టలు, ఒక ముక్కాలి పీట, ఒంటి మీద స్వెట్టరు. అదీ ఆయన సామ్రాజ్యం. బయట ఎవరో చెప్పు ఈడ్చుకుంటూ వెళితే ఏ కాలిదో చెప్పగలడని పేరు.

"కూర్చో చెల్లెమ్మా. మొత్తం వింటావా, చివరిదొక్కటే పెట్టనా?"

"మొత్తం పెట్టన్నయ్యా."

విన్నది. హెడ్‌ఫోన్లలో ఆర్గన్ మీద మొదలైంది. చర్చి గోడలో గొట్టాలు అమర్చి గాలితో మోగించే పెద్ద వాద్యం అది. తరవాత మగవాళ్ళు, తరవాత ఆడవాళ్ళు. ఆవిడ చేతిలో పెన్సిలు ఉంది, అలవాటుగా కాగితం మీద ఆనించి ఉంది, ఒక్క గీత కూడా గీయలేదు. చివరి భాగం వచ్చింది. 'నిత్యమైన వెలుగు వారి మీద ప్రకాశించుగాక' అని అర్థం వచ్చే లాటిన్ మాట. ఆ మాటలో ఆఖరి అక్షరాన్ని ఆడవాళ్ళు అందుకుని వదలకుండా పట్టుకుంటారు, కింద ఆర్గన్ మెల్లగా నడిచి నడిచి ఆగిపోతుంది, ఆ గొంతులు మాత్రం ఉంటాయి. ఇక ఆగుతుంది అనుకున్నచోట ఆగదు. మనిషి ఊపిరి ఇంతసేపు ఉండదు గదా అనిపించాక కూడా ఉంటుంది.

ఆధారమ్మ హెడ్‌ఫోన్లు తీసేసింది. తీసేసినా గదిలో ఆ స్వరం ఉన్నట్టే ఉంది.

"పుస్తకంలో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారన్నయ్యా?"

"ఏడుగురు."

"నీ చెవులు ఎంతమంది అంటున్నాయి?"

చెవులాయన స్వెట్టరు చేతులు పైకి లాక్కున్నాడు, మళ్ళీ దించుకున్నాడు. "ఏడుగురు పట్టుకుంటే ఎక్కడో ఒకచోట పలచబడి తీరాలి చెల్లెమ్మా. ఇదేమో గోడలా ఉంది. ఒక్క చిల్లు లేదు. ఊళ్ళో ఆ మాట ఊరికే పుట్టలేదేమో..." అని నవ్వబోయి, ఎవరి ముందు నవ్వుతున్నాడో గుర్తొచ్చి నాలిక కరుచుకున్నాడు. "క్షమించు. నోరు జారింది."

"జారనీ. ఆధారం ఏదైనా ఉందా?"

ఆ మధ్యాహ్నం నుంచి ఆవిడకి మనశ్శాంతి లేదు. బస్సులో నిలబడితే పక్కవాళ్ళ ఊపిరి వినిపించేది. లిఫ్టులో నలుగురుంటే ఎవరు ఎప్పుడు గాలి పీలుస్తున్నారో తెలిసేది. ఇంట్లో ఫ్రిజ్జు రొద పెడితే ఆ స్వరమే అనిపించేది, ఆగిపోతే మళ్ళీ మొదలయ్యేదాకా దాని ముందే నిలబడేది. భయమేసింది ఆవిడకి. భయం కన్నా ఎక్కువగా, సిగ్గేసింది. ఈ వయసులో, ఈ ఉద్యోగంలో ఉండి, దయ్యం ఉంటే బాగుండునని కోరుకుంటున్నందుకు.

దారి చూపించింది చెవులాయనే. ఒక పొద్దున ఆవిడ ఇంకా సంచీ దించకముందే గదిలోకి లాక్కెళ్ళాడు.

"ఆర్గన్ గొట్టాల్లో ఉండేది గాలి. ఎండాకాలం ఆ గాలి వేడెక్కితే శ్రుతి కాస్త పైకెక్కుతుంది. చలికాలం దిగుతుంది. మామూలు చెవికి తెలీదు, మిషనుకి తెలుస్తుంది. ఇప్పుడు చూడు. ఆ చర్చిలో అదే ఆర్గన్ మీద రేడియో వాళ్ళు చేసిన పాత టేపులు నా దగ్గర బోలెడున్నాయి. చలికాలంవి ఇక్కడ, ఎండాకాలంవి ఇక్కడ." కంప్యూటరు తెర మీద రెండు గుంపులుగా చుక్కలు చూపించాడు. "మన రిక్వియమ్ చలికాలంలో పాడారని గదా పుస్తకం? ఇదిగో, ఎక్కడ పడిందో చూడు."

ఆ చుక్క ఎండాకాలం గుంపులో, అందులోనూ పై అంచున పడింది.

"టేపు వేగంగా తిరిగినా శ్రుతి పెరుగుతుంది గదా?" అంది ఆధారమ్మ.

"అడుగుతావని తెలుసు. ఆ రోజు కరెంటు తీగల రొద కూడా టేపులో సన్నగా పడింది. కరెంటు రొద ఎండకీ చలికీ మారదు. అది ఉండాల్సిన చోటే ఉంది. కాబట్టి టేపు వేగం సరిగ్గానే ఉంది. వేడెక్కింది ఆర్గనే. మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి రికార్డు షాపుల్లోకి వచ్చేసింది, అది నువ్వే తేల్చావు. ఇక మిగిలింది..."

మిగిలింది బస్సు పడకముందు ఎండాకాలం. అప్పటికి అందరూ ఉన్నారు. ఆ గోడలాంటి స్వరంలో బతికి బట్టకట్టినవాళ్ళే కాదు, పోయినవాళ్ళూ ఉన్నారు. తమ చావు పాట తామే పాడి వెళ్ళారు. బడిలో పిల్ల చెవిలో ఊదిన గాలికబురు నిజం, అచ్చేసిన పుస్తకం అబద్ధం.

ఆధారమ్మ ముక్కాలి పీట మీద కూలబడింది. "అన్నయ్యా, ఒక్కరి గొంతు విడదీయగలవా? ఒక్కటే. నాకు ఇంకేం వద్దు."

ఆయన మొహం కనబడకుండా వంగి మిషను మీద బొత్తాలు తుడిచాడు. "ఒకే మైకు ముందు అందరూ కలిసి పాడారు తల్లీ. పాలూ నీళ్ళూ విడదీయడానికి నేను హంసని కాదు. ఉంది. అందులోనే ఉంది. ఏదని మాత్రం చెప్పలేను."

దొరికినట్టే దొరికి జారిపోవడమంటే అదీ. నలభై ఏళ్ళు లేనిది లేదనుకుని బతకడం ఒక ఎత్తు. ఉందని తెలిసి, ముందరే ఉందని తెలిసి, ఏదో తెలియకపోవడం ఇంకో ఎత్తు. ఆ రోజు ఆవిడ స్నానాల గదిలో నీళ్ళ పంపు తిప్పి ఏడ్చింది.

మాస్టారు ఇంకా ఉన్నాడు. ఒక పాత మేడ మీద రెండు గదుల్లో, కూతురి సంరక్షణలో. గోడ వారగా మూత పెట్టిన పియానో, దాని మీద మందుసీసాలు. ఒకప్పుడు వేలు పైకెత్తితే పాతికమంది ఊపిరి బిగబట్టేవారట. ఇప్పుడు ఆ వేలు కప్పు పట్టుకోవడానికి కూడా వణుకుతోంది. ఆధారమ్మ ఎవరి కూతురో చెప్పుకుంది. ఆర్గన్ సంగతి చెప్పింది. ఎండా, చలీ, కరెంటు రొదా, అన్నీ చెప్పింది. ఆయన కాదనలేదు. ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్న చుట్టం వచ్చినట్టు తల ఊపాడు.

"బృందంలో పొడుగు స్వరం ఎలా పట్టుకుంటారో నీకు తెలుసా అమ్మా?"

"తెలీదు మాస్టారూ."

"జంట ఊపిరి అనేవాణ్ణి నేను. ఇద్దరిద్దరిని జత కట్టేవాణ్ణి. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు రెండోవారు స్వరం వదలకూడదు. వారు తీసుకునేటప్పుడు వీరు వదలకూడదు. వినేవాళ్ళకి అతుకు కనబడదు. ఎవరు ఎక్కడ తీసుకోవాలో ముందే నిర్ణయం. నిద్రలో లేపినా అక్కడే తీసుకోవాలి. ఇంట్లో కూడా సాధన చేయమనేవాణ్ణి. ఒంటరిగా కుదరదు గదా, ఎవరో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చేయమనేవాణ్ణి." ఆయన కప్పు కింద పెట్టాడు. "బస్సు పడ్డాక, చలికాలంలో, నిజంగానే చర్చికి వెళ్ళాం. మిగిలినవాళ్ళమంతా. పాడాం. చివరి స్వరం దగ్గరికి వచ్చేసరికి..."

"పాడలేకపోయారా?"

"పాడారు. ఏడవలేదు, ఒక్కరూ ఏడవలేదు. కానీ అలవాటు చొప్పున ఎవరి చోట వాళ్ళు ఊపిరి తీసుకున్నారు. జంట పట్టుకుంటుందని. జంట లేదుగా తల్లీ. స్వరం చిల్లులు పడిపోయింది. ఎవరు లేరో వాళ్ళ చోట్లన్నీ వినిపించాయి. మళ్ళీ పాడాం, మళ్ళీ అంతే. మూడోసారి నేనే చెయ్యి దించేశాను."

కూతురు వచ్చి మందు ఇవ్వబోతే ఆయన చేత్తోనే ఆపాడు.

"పొరుగూళ్ళో ఇదే పాడాలని ఎండాకాలంలో రిహార్సలు చేస్తూ టేపు చేశాం. అదే రికార్డు కంపెనీ వాళ్ళకి ఇచ్చేశాను. బతికినవాళ్ళు పాడారని అప్పటికే అందరికీ చెప్పేశారు, పేర్లు అచ్చయిపోయాయి. పాడలేకపోయామని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. నాకూ రాలేదు."

ఆధారమ్మకి మండుకొచ్చింది. పెద్దమనిషనీ, ముసలివాడనీ చూడలేదు. "మీకు నోరు రాకపోవడం వల్ల మా నాన్న ఆ పాటకి తలుపేసుకుని బతికాడు మాస్టారూ. ఆవిడ అందులో లేదని. పాడినవాళ్ళ పేర్లు మీరు గీత కింద పెట్టారు."

"మీ ఇంటికొచ్చాను గదమ్మా," అన్నాడు మాస్టారు, చిన్నపిల్లాడిలా. "ఆ రికార్డు పట్టుకుని. మీ నాన్నకి ఒక్కడికైనా నిజం చెబుదామనే వచ్చాను. నోరు తెరిచేలోపు తలుపు పడింది. ఒకసారి మొహం మీద పడ్డ తలుపు మళ్ళీ తట్టడానికి నాకు మొహం చెల్లలేదు."

ఆవిడ కోపం ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ఇద్దరు మగవాళ్ళు, ఒక తలుపు. ఆ తలుపుకి ఇటు తాను.

"రాసెయ్యి," అన్నాడాయన, ఆవిడ లేస్తుంటే. "నేను పోయాక కాదు, ఇప్పుడే రాసెయ్యి. ఎండాకాలం అని రాయి. అందరూ పాడారని రాయి."

మర్నాడు అచ్చుప్రతిలో ఆధారమ్మ ఆ నల్లగీతను కొట్టేసింది. కింది పేర్లన్నీ పైకి చేర్చింది. తల్లి పేరు పాడినవాళ్ళలో పడింది. ఆఫీసువాళ్ళు వచ్చి చూసి, టీ తెచ్చి పెట్టి వెళ్ళిపోయారు.

ఇక మిగిలింది పులి.

సెలవురోజు పొద్దున, ఎండ ముందుగదిలోకి వచ్చాక, ఆవిడ చెవులాయన దగ్గర అరువు తెచ్చిన పెద్ద స్పీకరు పెట్టె తెచ్చి తండ్రి కుర్చీ పక్కన పెట్టింది.

"ఏంటది?"

"నాన్నా, కోప్పడకుండా విను." కుడి చెవి దగ్గర వంగి గట్టిగా చెప్పింది. "అమ్మ ఉంది. ఆ రికార్డులో అమ్మ ఉంది."

"ఎవడు చెప్పాడు? ఆ ముసలాడా?"

"ముందు నేనే కనిపెట్టాను."

"ఆధారం ఏదీ?"

చెప్పింది. ఆర్గన్, ఎండ, కరెంటు రొద. గట్టిగా చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. ఆ రోజు మాస్టారు ఎందుకు గుమ్మంలోకి వచ్చాడో కూడా చెప్పింది. అది చెబుతుంటే తండ్రి ఆవిడ వంక కాక తలుపు వంక చూశాడు. నలభై ఏళ్ళ కింద ఆ తలుపేసిన చెయ్యి కుర్చీ మీద ఒకసారి మూసుకుని, తెరుచుకుంది.

"మిషను లెక్కలు నాకు తెలీవు," అన్నాడు చివరికి. "పెట్టు."

చివరి భాగమే పెట్టింది, శబ్దం ఆఖరిదాకా పెంచి. పక్కింటావిడ కిటికీ తెరిచి ఏదో అనబోయి, ముసలాయన మొహం చూసి మళ్ళీ మూసేసింది. తండ్రి వంగి అరచెయ్యి స్పీకరు పెట్టె మీద ఆనించాడు. లేతు సరిగ్గా తిరుగుతోందో లేదో అలాగే చూసేవాడు, చెవితో కాదు, చేత్తో. ఆర్గన్ నడిచింది. ఆడవాళ్ళు ఆ మాట అందుకున్నారు. ఆఖరి అక్షరం వచ్చింది, నిలబడింది.

"విడదీయడం కుదరదట నాన్నా," అంది ఆధారమ్మ. "ఏది అమ్మదో ఎవరూ..."

"ష్."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. రెండో చేతి చూపుడువేలు పైకి లేచింది.

"ఇదిగో. ఇప్పుడు ఊపిరి తీసుకుంటుంది," అన్నాడు, అని నోరు మూసుకుని 'మ్‌మ్‌మ్' అని లాగాడు. అదే స్వరం. అదే అపస్వరం. గిన్నెల దగ్గర, గడ్డం దగ్గర, ఆవిడకి తెలివొచ్చినప్పటి నుంచీ విన్నది. కాసేపు లాగి ఠక్కున ఆపేశాడు. వేలు దించాడు. "అందుకుంది. చూశావా, అందుకుంది."

ఆధారమ్మ చూసింది. ఆయన ఆపినచోట ఆ గోడలో ఏ గొంతు కొత్తగా కలిసిందో ఆవిడ చెవికి తెలియలేదు. అయినా, బతుకులో మొదటిసారి, ఆధారం అడగలేదు. మిషను రొద కాదది. ఎప్పుడూ కాదు. సాధనకి అమ్మ ఎదురుగా కూర్చోబెట్టుకున్నది ఈయన్నే. సంగీతం ముక్క రాని ఈ మనిషిని. అమ్మ పోయింది, ఈయన ఆపలేదు. ఆవిడ ఊపిరి తీసుకునే చోటల్లా ఇన్నేళ్ళూ స్వరం పట్టుకునే ఉన్నాడు, తిరిగొచ్చి అందుకుంటుందన్నట్టు.

వేలు మళ్ళీ లేచింది. 'మ్‌మ్‌మ్'. ఈసారి సగంలోనే గొంతు వణికి దగ్గొచ్చింది. ఆయన దగ్గుతుండగానే పాట అయిపోయింది. ఎండ కుర్చీ కాళ్ళ దాకా వచ్చింది. తండ్రి చెయ్యి పెట్టె మీద నుంచి తీయలేదు.

"మళ్ళీ పెట్టమ్మడూ," అన్నాడు. "ఎక్కడ ఆపుతుందో నేను వేలితో చూపిస్తాను. ఈసారి నువ్వు పట్టుకో. నాకు ఊపిరి చాలడం లేదు."